జార్న్ పాలెట్: నాలుగు రంగులతో కూర్చున్న మనిషి బొమ్మ

ఆయిల్ రంగుల్లో పోర్ట్రెయిట్ నేర్చుకుంటానంటే చాలు, ఎవరో ఒకరు జార్న్ పాలెట్, అంటే కొన్ని రంగులకే పరిమితమైన ఒక జాబితా, వాడమంటారు. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జార్న్ (1860–1920) పేరు మీద వచ్చిన పద్ధతి ఇది. తెలుపు, యెల్లో ఆకర్ (మట్టి పసుపు), ఎరుపు, ఐవరీ బ్లాక్ (నలుపు), అంతే. ఆయన ఎరుపు వెర్మిలియన్. అది పాదరసంతో చేసే రంగు కాబట్టి ఇప్పుడు ఎక్కువమంది కాడ్మియం రెడ్ లైట్ వాడతారు. కొన్నేళ్లుగా ఇంట్లోవాళ్లను కుర్చీలో కూర్చోబెట్టి నేను దీంతోనే వేస్తున్నాను.

నీలం ట్యూబు లేకుండానే నీలం కనబడటం నాకు ఇప్పటికీ ముచ్చటే. ఐవరీ బ్లాక్‌లో తెలుపు కలిపితే వచ్చే బూడిదరంగు, ఎర్రటి చర్మఛాయ పక్కన చేరగానే నీలిగా కనిపిస్తుంది. నాన్న గీసుకున్న గడ్డం, చేతి మీద నరాలు అన్నీ దాంతోనే వచ్చేశాయి. ఆకర్‌లో నలుపు కలిపితే ఆలివ్ పచ్చ. ఏ రంగు కలపాలన్న టెన్షన్ తగ్గి, వెలుగు ఎక్కడ ఆగింది, నీడ ఎక్కడ మొదలైంది అన్నదాని మీదే కన్ను నిలుస్తుంది. కూర్చున్న బొమ్మకు అదే ప్రాణం. మనవైపు పొడుచుకొచ్చే తొడలు, మోకాళ్లు, ఒళ్లో చేతులు ఆ లెక్క తప్పితే చదునుగా అతుక్కుపోతాయి.

మన చామనఛాయ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఇది చాలదు. నీడల్లో నలుపు ఎక్కువైతే ఒంటికి బూడిద పూసినట్టుంటుంది. నేను బర్న్ట్ సియన్నా (ఎర్రటి గోధుమరంగు) చేర్చుకున్నాను. అమ్మ నెమలికంఠం పట్టుచీర కోసం అల్ట్రామెరీన్ (ముదురు నీలం), దానితోపాటు వేరే పచ్చ కూడా కొనక తప్పలేదు. అల్ట్రామెరీన్, సియన్నా కలిస్తే వచ్చే ముదురు రంగు జుట్టుకు నలుపుకంటే బాగుంటుంది.

ఐవరీ బ్లాక్ చాలా నెమ్మదిగా ఆరుతుంది. అందుకే అడుగు పూతకు దాన్ని వాడను. దానికి బదులు టర్పెంటైన్‌తో పల్చన చేసిన బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు) త్వరగా ఆరుతుంది. తెలుపు అన్నిటికంటే ముందు అయిపోతుంది, పెద్ద ట్యూబే కొనండి. కాడ్మియం ఖరీదే. ట్యూబు మీద ‘హ్యూ’ అని ఉంటే అది అసలు కాడ్మియం కాదు.

కూర్చునేవాళ్ల పాదాల చుట్టూ, కుర్చీ కాళ్ల చుట్టూ సుద్దముక్కతో గీత గీయండి. ఇరవై నిమిషాలకోసారి లేచి తిరగనివ్వండి. కదలకుండా ఉంటారని టీవీ పెట్టకండి. అమ్మ సీరియల్ చూస్తుంటే నడుము కదలదు గానీ, అత్తగారి పాత్ర వచ్చినప్పుడల్లా కనుబొమలు మారిపోతాయి.