మామూలు సైకిల్ టైరును ట్యూబ్‌లెస్ చేస్తామంటే ఒప్పుకోకండి

"మీ టైరు, మీ రిమ్ము అలాగే ఉంచి, ట్యూబు తీసేసి ట్యూబ్‌లెస్ చేసిస్తాం. ఇక పంక్చరన్న మాటే ఉండదు." ఏ షాపులోనైనా ఈ మాట వినిపిస్తే దయచేసి ఆగండి. మా తమ్ముడి సైకిల్‌కి ఇలాగే చేశారు. వాడిప్పుడు మణికట్టుకు కట్టుతో ఇంట్లో ఉన్నాడు.

వాడు పొద్దున్నే గండిపేట వైపు తొక్కుతాడు. రోడ్డు అంచున సర్కారు తుమ్మ ముళ్లు, పల్లేరు కాయలు. ట్యూబులు మార్చీ మార్చీ విసిగిపోయినవాడికి ఆ మాట ఎంత తియ్యగా వినిపిస్తుందో మీకు తెలుసు. షాపులో చేసిన పని ఇదీ: రిమ్ములో పుల్లల రంధ్రాల మీద కరెంటు పనికి వాడే నల్ల టేపు చుట్టారు. పాత ట్యూబు నుంచి వాల్వు కోసి బిగించారు. స్కూటర్ టైర్లలో పోసే సీలెంట్ (చిన్న రంధ్రాలను మూసే ద్రవం) పోసి, అంచులకు సబ్బునీళ్లు రాసి, కంప్రెసర్‌తో ఒక్కసారిగా గాలి కొట్టారు. టైరు టప్‌మని రిమ్ముకు పట్టుకుంది. పని అయిపోయిందన్నారు.

రాత్రి గాలి నింపి పెడితే పొద్దున్నకి సగం దిగిపోయేది. టైరు పక్కలకు చెమట పట్టినట్టు సీలెంట్ చుక్కలు కనిపించేవి. అడిగితే "సెట్ అవుతుంది, తొక్కుతూ ఉండండి" అన్నారు. చివరికి ఒక మలుపులో ముందు టైరు రిమ్ము నుంచి పక్కకు ఊడి, గాలంతా ఒక్కసారే పోయి, తమ్ముడు రోడ్డు మీద పడ్డాడు. వెనకాల బండ్లేవీ రాకపోవడం మా అదృష్టం.

షాపుకి వెళ్తే "గాలి తక్కువైంది, ఇంకా గట్టిగా కొట్టించుకోవాలి" అన్నారు. నాకు అన్నిటికంటే భయం వేసింది ఈ సలహాకే. ఎందుకో చెప్తాను.

టైరు రెండు అంచుల్లోనూ బీడ్ ఉంటుంది. లోపల ఉక్కు తీగో, గట్టి ఫైబరో ఉంటుంది. ట్యూబు ఉన్నప్పుడు గాలిని పట్టి ఉంచేది ట్యూబే కాబట్టి, మామూలు టైరు బీడ్ రిమ్ముకు గాలి చొరకుండా అతుక్కోవాల్సిన అవసరం లేదు. కాస్త వదులుగా ఉన్నా నడుస్తుంది. ట్యూబు తీసేస్తే ఆ భారమంతా బీడ్ మీదే పడుతుంది. అది అందుకోసం చేసింది కాదు. గాలి తక్కువైతే మలుపులో బీడ్ జారుతుంది. ఎక్కువైతే సాగి, పెద్ద శబ్దంతో రిమ్ము నుంచి ఎగిరిపోతుంది. పక్కన ముఖం పెట్టి గాలి కొట్టేవాడి కళ్లు, చెవులు ఏమవుతాయో ఆలోచించండి.

"స్కూటర్లన్నీ ట్యూబ్‌లెస్సే కదా" అని షాపులో అంటారు. స్కూటర్ టైరు లోపల గాలి బయటికి పోనివ్వని ప్రత్యేకమైన రబ్బరు పొర ఉంటుంది, దాని రిమ్ముకు పుల్లల రంధ్రాలే ఉండవు. పుల్లల చక్రాలున్న మోటార్‌సైకిళ్లలో చాలావాటికి ట్యూబులుండేది ఈ రంధ్రాల వల్లే. మన మామూలు సైకిల్ టైరు పక్కభాగం దారాల మీద పల్చటి రబ్బరు పూత, అంతే.

సైకిళ్లకు ట్యూబ్‌లెస్ అనేదే మోసం అనడం లేదు. 1999లోనే మావిక్, హచిన్సన్, మిషెలిన్ అనే కంపెనీలు కలిసి యూఎస్‌టీ పేరుతో టైరు, రిమ్ము రెండూ ఒకదానికొకటి సరిపోయేలా తయారు చేశాయి. అసలు కిటుకంతా ఆ రెండూ జత కుదరడంలోనే ఉంది. మీకు నిజంగా కావాలంటే టైరు మీద 'ట్యూబ్‌లెస్ రెడీ' అనో 'టీఎల్ఆర్' అనో ఉందేమో, రిమ్ము కూడా ట్యూబ్‌లెస్‌కి పనికొచ్చేదేనా అని చూసుకోండి. టేపు ట్యూబ్‌లెస్ కోసం చేసినదై, రిమ్ము లోపలి వెడల్పంతా కప్పాలి. సీలెంట్ సైకిళ్ల కోసం చేసిన లేటెక్స్‌దై ఉండాలి. అది కూడా కొన్ని నెలలకే ఎండిపోతుంది, మన ఎండలకి ఇంకా త్వరగా. మళ్లీ పోయించుకోవాల్సిందే. ఒకసారి చేయించి మర్చిపోవచ్చని ఎవరన్నా నమ్మకండి.

ముళ్ల బాధే అయితే, మామూలు టైరుకి ట్యూబు ఉంచే మార్గాలున్నాయి. మందపాటి ట్యూబు, టైరుకీ ట్యూబుకీ మధ్య వేసే లైనర్ పట్టీ, లేదా వాల్వు లోపలి పిన్ను ఊడదీయగలిగితే ట్యూబులోనే సీలెంట్. మేమిప్పుడు లైనర్ వేయించాం.

డబ్బు సంగతి. మాకు చిట్టీ మీద రాసిచ్చారు, తిరిగి ఇవ్వమంటే ఇవ్వలేదు. మీరు ఏ టేపు, ఏ సీలెంట్, ఏ టైరు అన్నది రాసిన బిల్లు తీసుకోండి. మొండికేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.

ఇప్పటికే చేయించుకున్నవాళ్లు సైకిల్ బయటికి తీయకముందే ట్యూబులు వేయించండి. వేసేముందు టైరు లోపల కడిగి, చేతికి మందపాటి గుడ్డ చుట్టుకుని చుట్టూ తడిమి చూడండి. సీలెంట్ మూసేసిన ముళ్లు టైరులో అలాగే ఉండిపోతాయి. అవి తీయకుండా ట్యూబు పెడితే మొదటి గాలికే పంక్చర్ అవుతుంది.