అవుట్‌డోర్ వాటర్‌కలర్ వర్క్‌షాప్‌కి ఏది మేలు: ట్యూబులా పాన్‌లా, బ్లాకా విడి షీట్లా?

వర్క్‌షాప్‌కి పేరిచ్చాక అందరూ మొదట అడిగేది రంగుల గురించే, ట్యూబులు కొనాలా పాన్‌లు కొనాలా అని. నన్నడిగితే డబ్బులు పెట్టాల్సింది ముందు పేపర్ మీద, రంగులు ఆ తర్వాత. కానీ అందరి మనసూ రంగుల మీదే ఉంటుంది కాబట్టి అక్కణ్నుంచే మొదలెడదాం.

పాన్ అంటే చిన్న ప్లాస్టిక్ గిన్నెలో ఎండిన రంగు బిళ్ళ, హాఫ్ పాన్‌లో ఇంచుమించు 2 మి.లీ. దాకా పడుతుంది. ట్యూబులో ఉండేది మెత్తటి పేస్ట్, 5, 8, 15 మి.లీ. ఇలా దొరుకుతాయి. లోపలి సరుకు మాత్రం రెండిట్లోనూ దాదాపు ఒకటే, పిగ్మెంట్ (రంగు పొడి), గమ్ అరబిక్ (తుమ్మ జాతి జిగురు), మరీ ఎండి పగిలిపోకుండా కాస్త గ్లిజరినో తేనో. అసలు తేడా అల్లా తడి ఎంతుందన్నదే.

బయట కూర్చున్నప్పుడు పాన్‌కి ఉన్న సుఖం ఏంటంటే మూత తీస్తే పని మొదలు, మూసేస్తే సంచిలోకి, మధ్యలో కారడం అంటడం పెద్దగా ఉండదు. ట్యూబ్ అలా కాదు, మూత బిగుసుకుపోతుంది, పిండిన రంగు ఎండకీ గాలికీ పైన తోలు కట్టేస్తుంది, సాయంత్రం వెళ్ళేటప్పుడు తడి పాలెట్‌ని పట్టుకుని సంచి వంగకుండా నడవాలి. కానీ పెద్ద ఆకాశం ఒక్క ఊపులో వెయ్యాలంటే గిన్నెడు రంగు కావాలి కదా, పాన్ మీద బ్రష్ రుద్ది రుద్ది అంత రంగు తీసేలోపు పేపర్ మీద వేసిన తడి కాస్తా ఆరిపోతుంది, పైగా బ్రష్ మొన కూడా అరుగుతుంది. మొదలెట్టడానికి ఐదు నిమిషాల ముందు పాన్‌ల మీద నీళ్ళు స్ప్రే చేసి ఉంచితే ఈ బాధ చాలావరకు తగ్గుతుంది. ఏ4 సైజు వరకు పాన్ చాలు, అంతకన్నా పెద్దది వేయిస్తారంటే ట్యూబ్ ఉండాల్సిందే.

ట్యూబే బయట వేసేవాళ్ళ వస్తువు అని కొందరంటారు, అది ఆయిల్ పెయింటింగ్ వాళ్ళ సంగతి. జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు రేకు ట్యూబుకి పేటెంట్ తీసుకున్నది 1841లో, రంగుల తయారీదారు విలియం రీవ్స్ చేసిన వాటర్‌కలర్ బిళ్ళలకి లండన్‌లో బహుమతి వచ్చింది 1781లోనే. అంటే ట్యూబ్ పుట్టకముందే వాటర్‌కలర్ వాళ్ళ చేతిలో బిళ్ళలున్నాయి.

నా ఓటు మాత్రం రెండిటి మధ్యలో ఉన్న దానికి. ట్యూబులు కొని ఖాళీ హాఫ్ పాన్‌లలో పిండి ఆరబెట్టుకోండి, ఆరాక కుంచించుకుపోతుంది కాబట్టి సగం పోసి, ఆరనిచ్చి, మళ్ళీ పైన పొయ్యండి, వర్క్‌షాప్ ముందురోజు రాత్రి కాదు, కనీసం నాలుగు రోజులు ముందే. తేనె ఎక్కువుండే రంగులైతే ఇలా చెయ్యొద్దు, అవి పూర్తిగా ఆరవు, వేడికి మెత్తబడి, డబ్బా పక్కకి ఒరిగిందంటే పక్క రంగులోకి జారిపోతాయి. రంగులు కూడా 24 అక్కర్లేదు, ఏడెనిమిది చాలు. అల్ట్రామెరీన్ బ్లూ (లేబుల్ మీద పిగ్మెంట్ కోడ్ పీబీ29 అని ఉంటుంది), బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ రంగు) కలిపితే నీడలకి కావాల్సిన గ్రేలన్నీ వచ్చేస్తాయి. ఎరుపులో పాత అలిజరిన్ క్రిమ్సన్ (పీఆర్83) వద్దు, వెలుతురుకి వెలిసిపోతుంది, దాని బదులు క్వినాక్రిడోన్ రోజ్ తీసుకోండి.

ఇక పేపర్. 300 జీఎస్‌ఎమ్ (చదరపు మీటరుకి ఎన్ని గ్రాముల బరువో చెప్పే కొలత) కన్నా తక్కువది తీసుకెళ్తే నీళ్ళు పడగానే ఉబ్బి, రంగంతా గుంటల్లో నిలుస్తుంది, దీని మీద ఇంక చర్చ లేదు. కాటనా (పత్తితో చేసింది) సెల్యులోజా (చెక్క గుజ్జుతో చేసింది) అన్నది మాత్రం వాతావరణాన్ని బట్టి. ఎండా గాలీ ఉన్నచోట కాటన్ పేపర్ తడిని ఎక్కువసేపు పట్టుకుంటుంది కాబట్టి అంచులు మెత్తగా కలుపుకోడానికి టైం దొరుకుతుంది, సెల్యులోజ్ మీద అదే వాష్ (నీళ్ళతో పల్చగా పరిచిన రంగు) చారలు చారలుగా ఆరిపోతుంది. అదే మబ్బు పట్టి గాలిలో తేమ ఉన్న రోజైతే కాటన్ ఎంతకీ ఆరదు, రెండో పొర వెయ్యాలంటే పేపర్ వైపు చూస్తూ కూర్చోవాలి. సెల్యులోజ్‌కి ఇంకో ప్లస్ ఉంది, తప్పు పడిన చోట తడి బ్రష్‌తో రంగు ఎత్తెయ్యడం తేలిక. కాబట్టి అసలు బొమ్మకి కాటన్, కలర్ టెస్టులకీ చిన్న ప్రాక్టీసులకీ సెల్యులోజ్.

బ్లాక్ అంటే షీట్లన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చిన కట్ట, చూస్తే ముచ్చటేస్తుంది, అంచులన్నీ జిగురుతో అతికించి ఉంటాయి, టేపు అక్కర్లేదు, బోర్డు అక్కర్లేదు, పేపర్ చదునుగా ఉంటుంది. ఒంటరిగా వెళ్ళి ఒక్క బొమ్మ వేసుకొచ్చేవాళ్ళకి దాన్ని మించింది లేదు. కానీ వర్క్‌షాప్‌లో టీచర్ ఒక ఎక్సర్‌సైజ్ అవగానే ఇంకోటి అంటారు, పై షీట్ ఆరితే గానీ కింద షీట్ మీద వెయ్యలేరు, తడిగా ఉండగా విడదీస్తే వంకర పోతుంది. అందుకే ఇక్కడ విడి షీట్లే మేలు. 56×76 సెం.మీ. ఫుల్ షీట్‌ని నాలుగు ముక్కలు చేసుకుని, తేలికపాటి బోర్డుకి ఒక వైపు ఒకటి, రెండో వైపు ఒకటి టేపుతో అంటించుకుంటే, ఒకటి కాస్త ఆరగానే బోర్డు తిప్పి రెండోది మొదలెట్టొచ్చు.

బ్రష్‌ల దగ్గర వాటర్ బ్రష్ చూసి మోసపోకండి. హ్యాండిల్‌లోనే నీళ్ళుంటాయి, స్కెచ్‌బుక్‌లో చిన్న చిన్నవాటికి హాయి, కానీ పెద్ద వాష్ రాదు, డ్రై బ్రష్ (దాదాపు పొడి బ్రష్‌తో గరుకుగా వెయ్యడం) అసలే రాదు, ఎందుకంటే నీళ్ళు దిగుతూనే ఉంటాయి. 10 నంబర్ రౌండ్ (గుండ్రటి బ్రష్), 6 నంబర్ రౌండ్, ఒక ఫ్లాట్ (చదును బ్రష్), మూడూ సింథటిక్‌వే చాలు. సేబుల్ (జంతువు వెంట్రుకలతో చేసిన బ్రష్) నీళ్ళు ఎక్కువ పడుతుంది నిజమే గానీ పాన్ మీద రుద్దడానికి అంత ఖరీదైనది ఎందుకు?

ఈజిలా ఒళ్ళో బోర్డా అంటే, డెమో చూడ్డానికి మాటిమాటికీ లేచి వెళ్ళాల్సి ఉంటే మడత స్టూలూ ఒళ్ళో బోర్డే నయం. ఒకేచోట నిలబడి వేసేవాళ్ళు ఈజిల్ తీసుకెళ్ళొచ్చు, గాలికి పడిపోకుండా కింద సంచి వేలాడదీసుకోవాలి. ఏదైనా సరే పేపర్ మీద నేరుగా ఎండ పడనివ్వకండి, ఆ తెల్లదనానికి కళ్ళు చెదిరి రంగులు ముదురుగా వేసేస్తారు, లోపలికి తెచ్చి చూస్తే బొమ్మంతా చీకటిగా కనిపిస్తుంది. కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని వేస్తే రంగులు ఇంకో రకంగా తప్పుతాయి, టోపీ పెట్టుకోండి.