పెళ్లి సీడీలోని డాట్ ఫైల్: ఉంచాలా, మార్చాలా?

2000 ప్రాంతంలో పెళ్లి జరిగిన ఇంట్లో బీరువా వెతికితే రెండో మూడో వీడియో సీడీలు దొరుకుతాయి. కంప్యూటర్‌లో పెడితే ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డర్, అందులో ఏవీసెక్01.డాట్ (AVSEQ01.DAT) అనే ఫైలు ఉంటాయి. పేరు చూసి ఇదేదో పనికిరాని డేటా అనుకోవద్దు. ఫైల్లోని బైట్లను ఉన్నవున్నట్టు చూపే హెక్స్ ఎడిటర్‌లో తెరిస్తే మొదట్లోనే ఆర్ఐఎఫ్ఎఫ్, ఆ వెనకే సీడీఎక్స్ఏ అన్న అక్షరాలు కనిపిస్తాయి. పైన తొడుగు అది, లోపలున్నది ఎంపెగ్-1 అనే పాత పద్ధతిలో కుదించిన వీడియో.

చాలామంది చేసేది ఎంపీ4గా కన్వర్ట్ చేసి సీడీ అవతల పడేయడం. ఫోన్‌లో ఆడుతుంది, వాట్సాప్‌లో పోతుంది, నిజమే. కానీ అసలు బొమ్మే 352×288, సెకనుకి 1150 కిలోబిట్లు. తలంబ్రాల ఘట్టం చూడండి: గింజలు ఎగిరిన ప్రతిసారీ బొమ్మ గళ్లుగళ్లుగా చెదిరిపోతుంది. దాన్ని మళ్లీ కుదిస్తే ఆ గళ్లనే కొత్తగా కుదించినట్టు. "హెచ్‌డీ చేసిస్తాం" అనే స్టూడియోలు సైజు పెంచుతాయి గానీ, లేని ముక్కుపుడకను ఎక్కణ్నించి తెస్తాయి?

రెండో దారి, తొడుగు మాత్రమే మార్చడం. ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో మార్పిడి ప్రోగ్రామ్‌లో కోడెక్‌కి (కుదించే పద్ధతికి) 'కాపీ' అని ఇస్తే వీడియో, ఆడియో ఉన్నవున్నట్టుగా ఎంకేవీ అనే కొత్త తొడుగులోకి వెళ్తాయి. నాణ్యత రవ్వంత కూడా పోదు, నిమిషాల్లో పని. నా ఓటు దీనికే.

అయితే అంతకుముందు డిస్క్ మొత్తాన్ని ఇమేజ్ తీయాలి, అంటే సీడీకి అచ్చమైన నకలును ఫైలుగా చేసుకోవాలి. ఇక్కడే అందరూ పొరపడతారు. ఐఎస్ఓ అనే మామూలు రకం ఇమేజ్, సెక్టర్‌కి (సీడీలో డేటా రాసే చిన్న ముక్కకి) 2048 బైట్లే పట్టుకుంటుంది. వీడియో సీడీలో ఒక్కో సెక్టర్‌లో 2324 బైట్ల వీడియో ఉంటుంది కాబట్టి సెక్టర్ మొత్తాన్నీ పట్టుకునే బిన్-క్యూ ఫైళ్ల జత కావాలి. అంత చోటు దొరికింది తప్పులు దిద్దే అదనపు కోడ్‌ను తీసేయడం వల్లే. అందుకే డేటా సీడీ తట్టుకునే గీత దీన్ని దెబ్బతీస్తుంది. గంట వీడియో 620 ఎంబీ లోపే, చోటు కోసం వెనకాడక్కర్లేదు.

నాణ్యత పోకుండా కుదించే ఎఫ్ఎఫ్‌వీ1 కోడెక్ సంగతి? ఆర్కైవుల్లో దానికి మంచి పేరుంది, 2021లో దాని వివరణ ఆర్ఎఫ్‌సీ 9043 అనే ఇంటర్నెట్ సాంకేతిక పత్రంగానూ వచ్చింది. వీహెచ్ఎస్ క్యాసెట్ ఎక్కిస్తుంటే అదే వాడండి. ఇప్పటికే కుదించిన సీడీకి మాత్రం ఫైలు చాలా రెట్లు ఉబ్బడం తప్ప ఒరిగేదేమీ లేదు.

ఎంపీ4 కూడా ఒకటి చేసుకోండి, చుట్టాలకి పంపడానికి. బిన్, ఎంకేవీ మాత్రం రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో ఉండాలి.