షెడ్డు గుమ్మంలో బూట్ల తొట్టి మందు: కొన్నేళ్లు వాడాక

పరిశోధన కోసం పందులను పెంచే ఫారంలో పనిచేస్తున్నాను. గమ్‌బూట్లు ముంచే తొట్టిలో కొన్నేళ్లుగా క్రిములను చంపే పొటాషియం పెరాక్సీమోనోసల్ఫేట్ పొడి వాడుతున్నాం. లీటరు నీళ్లకు 10 గ్రాములు. కొనమనే చెబుతాను, కానీ దాంతోపాటు గట్టి బ్రష్, నీళ్ల పైపు కూడా ఉండాల్సిందే.

నాకు బాగా నచ్చింది దాని రంగు. కలపగానే నీళ్లు గులాబీ రంగుకు వస్తాయి, మందు పని తగ్గేకొద్దీ వెలిసిపోతాయి. డ్యూటీలో ఎవరున్నా చూడగానే తెలిసిపోతుంది. మేమైతే రంగు ఉన్నా రోజూ పొద్దున్నే మారుస్తాం. వాన పడినా, పెంట తేలినా అప్పటికప్పుడే పారబోస్తాం.

అసలు సంగతి బూటు అడుగున ఉంటుంది. గాడుల్లో ఇరుక్కున్న పెంట వదిలించకుండా ముంచితే మందు బలమంతా ఆ పెంటకే సరిపోతుంది. పుల్లతో గీకి, బ్రష్‌తో రుద్ది, కడిగాక ముంచాలి. ముంచి తీయగానే క్రిములు చావవు, కాసేపు తడిగా ఉండాలి. పని హడావుడిలో అంతసేపు ఎవరు నిలబడతారు? అందుకే ఏ షెడ్డు బూట్లు ఆ షెడ్డులోనే ఉంచాం. నా అనుభవంలో ఏ మందుకన్నా అదే మేలు.

ఇంత పట్టింపు ఎందుకంటే, 2020లో ఈశాన్య రాష్ట్రాల్లో పందులకు సోకే వైరస్ జబ్బు ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ బయటపడింది. దానికి చికిత్స లేదు, సోకిన మందను చంపి పూడ్చాల్సిందే. మా మందలో ప్రతి పందికీ చెవి నంబరు, తల్లిదండ్రుల వివరాలు, పుట్టినప్పటి నుంచి తూకాలు రాసి ఉన్నాయి. అలాంటి మంద సంతలో దొరకదు. చావులు లేకపోయినా, రెండు దాణాలను పోల్చే ట్రయల్ మధ్యలో ఒక గదిలో పంది పిల్లలకు పారుడు పట్టుకుంటే, తూకంలో తేడా దాణాదో జబ్బుదో తేలదు. నెలల కష్టం వృథా.

ఇబ్బందులూ ఉన్నాయి. ధర ఎక్కువ. పొడి లేస్తే ముక్కు, కళ్లు మండుతాయి, మాస్క్ తప్పనిసరి. ఇనుమును తినేస్తుంది కాబట్టి ప్లాస్టిక్ తొట్టే వాడండి. బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం ఎప్పుడూ కలపకండి, విషవాయువు వస్తుంది.

ఇంటి దగ్గర రెండు మూడు పందులు పెంచుకునేవాళ్లు ముందు హోటళ్ల ఎంగిలి పెట్టడం మానాలి. అందులో జబ్బు పంది మాంసం ముక్క ఉంటే వైరస్ దాంతోనే వస్తుంది, గుమ్మంలో తొట్టి దాన్ని ఆపలేదు.