పర్లాకిమిడి డిగ్రీ ల్యాబ్‌లో ఫైఫాక్స్ యాప్: కొన్నేళ్ళు వాడాక చెప్తున్నా

నేను పర్లాకిమిడిలో డిగ్రీ పిల్లలకి ఫిజిక్స్ చెప్తాను. ఈ ఫైఫాక్స్ యాప్ గురించి తెలిసినోళ్ళు అడుగుతూనే ఉంటారు, పాతపట్నం, టెక్కలి వైపు లెక్చరర్లు కూడా ఫోన్ చేసి "ఏటండీ అది, నిజంగా పనికొస్తాదా, పిల్లలకి ఫోన్ ఆడుకోడానికి ఇంకో వంకా" అని. ప్రతీసారీ మొదట్నుంచీ చెప్పలేక రాసేస్తున్నా. లాక్‌డౌన్ అయిపోయి పిల్లలు మళ్ళీ కాలేజీకి రావడం మొదలెట్టిన దగ్గర్నుంచి వాడుతున్నాను కాబట్టి కొత్త మోజులో రాస్తున్నది మాత్రం కాదు.

ఫోన్లో మైకు, యాక్సిలరోమీటర్ (త్వరణం కొలిచేది), గైరో (ఫోన్ ఎంత వేగంగా తిరుగుతోందో కొలిచేది), మాగ్నెటోమీటర్ (అయస్కాంత క్షేత్రం కొలిచేది) లాంటి సెన్సర్లు ఉంటాయి కదా, వాటి రీడింగులు తీసి గ్రాఫ్ గీసి చూపిస్తుంది, అంతే. జర్మనీలో ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ ఫిజిక్స్ వాళ్ళు 2016లో వదిలారు. డబ్బులు కట్టక్కర్లేదు, యాడ్స్ లేవు, లాగిన్ అడగదు, ఓపెన్ సోర్స్. ఒకసారి దింపుకుంటే నెట్ అక్కర్లేదు, మాకు అసలు కలిసొచ్చింది ఇదే. మా ల్యాబ్ పాత బిల్డింగ్ వెనకాల ఉంది, గోడలు ఎంత మందమంటే లోపలికెళ్తే ఫోన్లో ఒక గీత సిగ్నల్ ఉంటే గొప్ప. నెట్‌లోనే ప్రయోగాలు చేయించే వర్చువల్ ల్యాబ్స్ సైట్ బాగానే ఉంటుంది గానీ అది తెరుచుకునేలోగా పీరియడ్ అయిపోద్ది. కొలరాడో యూనివర్సిటీ వాళ్ళ ఫెట్ సిమ్యులేషన్లు (కంప్యూటర్లో కదిలే ప్రయోగాల బొమ్మలు) ముందే దింపుకుని క్లాసులో చూపిస్తాను, థియరీకి చాలా మంచివి, కాకపోతే కంప్యూటర్లో లోలకం ఎప్పుడూ చెప్పిన మాట వింటాది, ల్యాబ్‌లో లోలకం వినదు, పిల్లలు నేర్చుకోవాల్సింది ఆ వినని దాని దగ్గరే అని నా నమ్మకం.

ఇన్నేళ్ళు వాడాక నాకు తేలిందేంటంటే ఈ యాప్‌లో అన్నిటికంటే పనికొచ్చేది మైకు. అందరూ గైరో అదీ ఇదీ అని మొదలెడతారు, నేనైతే మైకుతోనే మొదలెట్టమంటాను. ఎందుకో చెప్తా.

గురుత్వ త్వరణం కొలిచే ప్రయోగం చూడండి. టేబుల్ అంచు మీద స్కేలు బయటికి వచ్చేలా పెట్టి, దాని చివర ఒక ఇనప నట్టు పెడతాం. కింద నేల మీద స్టీలు కంచం బోర్లించి, నట్టు నుంచి కంచం దాకా సరిగ్గా ఒక మీటర్ ఉండేలా చూసుకుంటాం. ఇంకో స్కేలుతో ఆ మొదటి స్కేల్ని పక్కనుంచి టక్కున కొడితే అది పక్కకి పోద్ది, నట్టు నిలువునా పడి కంచాన్ని ఠంగుమనిపిస్తాది. యాప్‌లో అకౌస్టిక్ స్టాప్‌వాచ్ అని ఉంటుంది, మొదటి చప్పుడుకి మొదలై రెండో చప్పుడుకి ఆగుతుంది. మీటర్ ఎత్తుకి 0.45 సెకను వస్తాది, ఎత్తుని రెట్టింపు చేసి ఆ టైము వర్గంతో భాగిస్తే గురుత్వ త్వరణం. చేత్తో నొక్కే స్టాప్‌వాచ్‌తో ఇది చెయ్యడం అయ్యే పని కాదు, మన వేలు కదలడానికే 0.2 సెకను పోతుంది, అంటే సగం టైము మన వేలే తినేస్తాది. మైకు సెకనుకి 48,000 సార్లు వింటుంది కాబట్టి ఆ బాధ లేదు. ఐదు మిల్లీసెకన్లు తేడా వస్తే జవాబులో రెండు శాతం తేడా వస్తాదని పిల్లలే లెక్కేసి చెప్తారు ఇప్పుడు. మా అక్షాంశం 18.8 డిగ్రీలు, అక్కడ గురుత్వ త్వరణం అసలు విలువ 9.79 మీ/సె² దరిదాపు ఉండాలి, పిల్లలకి 9.6 నుంచి 9.9 లోపు వస్తుంటాయి. పుస్తకంలో ఉంది కదా అని 9.8 కోసం దిద్దుకోవడం తగ్గింది, నాకు అది పెద్ద లాభం.

ఇబ్బందుల్లేవా అంటే ఉన్నాయి. సీలింగ్ ఫ్యాన్ చప్పుడుకే టైమర్ మొదలైపోద్ది, శబ్దం పరిమితి కాస్త పెంచుకోవాలి. రెండు గ్రూపులు ఒకే గదిలో చేస్తే పక్కోళ్ళ కంచం చప్పుడుకి మన గడియారం ఆగిపోద్ది. మా క్లాసులో తెలుగు పిల్లలు, ఒడియా పిల్లలు, సవర పిల్లలు కలిసి ఉంటారు, ఆనందం పట్టలేక ఒకడు "హెలా మేడమ్ హెలా!" (ఒడియాలో అయ్యింది అని) అరిచాడు, నట్టు కంచం మీద పడకముందే వాడి గొంతుకి టైమర్ ఆగింది, 0.31 వచ్చింది, జవాబు 20 దాటిపోయింది. క్లాసంతా నవ్వు. అప్పట్నుంచి ఒక గ్రూపు ల్యాబ్‌లో, ఒకటి వరండాలో, ఒకటి సైకిల్ స్టాండ్ దగ్గర.

గొట్టంలో నీళ్ళ మట్టం మారుస్తూ గాలి గట్టిగా మోగే చోటు పట్టుకునే రెజొనెన్స్ కాలమ్ ప్రయోగానికి కూడా ఇదే ఫోన్. మా దగ్గర ట్యూనింగ్ ఫోర్కుల్లో సగం తుప్పు పట్టినవి, 512 హెర్ట్జ్ అని ముద్ర ఉన్నా నమ్మకం లేదు, యాప్‌లో ఆటోకోరిలేషన్ అనే ప్రయోగం పెట్టి మోగిస్తే అసలు ఫ్రీక్వెన్సీ ఎంతో చూపించేస్తాది. టోన్ జనరేటర్‌లో 512 పెట్టి ఫోన్ని గొట్టం మూతి దగ్గర పట్టుకుంటే ఫోర్కు మాదిరి చప్పుడు తగ్గిపోదు, పిల్లలు నిదానంగా నీళ్ళ మట్టం దింపుకుంటూ మొదటి రెజొనెన్స్ పదహారు, పదిహేడు సెంటీమీటర్ల దగ్గర పట్టేస్తారు. అయినా ఫోర్కుతో ఒకసారి చేయించాకే ఫోన్ ఇస్తాను. రబ్బరు ప్యాడ్ మీద కొట్టి చెవి దగ్గర పెట్టుకున్న అనుభవం లేకుండా డిగ్రీ అయిపోకూడదు కదా.

ఇప్పుడు గైరో సంగతి. యాప్‌లో లోలకం ప్రయోగం గైరోతోనే పని చేస్తుంది, ఫోన్నే లోలకంలా వేలాడదీసి ఊపాలి. చవక ఫోన్లలో చాలావాటికి గైరో ఉండదు, ఆ ప్రయోగం పేరు బూడిద రంగులో కనపడుతుంది, నొక్కితే నీ ఫోన్లో సెన్సర్ లేదు అని చెప్తుంది. ఇది చిన్న విషయం అనుకుంటారు గానీ కాదు. నలుగురు కూర్చున్న బెంచిలో ఒకరి ఫోన్లో అన్నీ తెరుచుకుని, పక్కపిల్ల ఫోన్లో సగం బూడిద రంగులో ఉంటే ఆ పిల్ల ఫోన్ మెల్లగా బ్యాగులో పెట్టేసుకుంటాది. మైకుతో అయితే ఈ గొడవే లేదు, ఆరు వేల ఫోన్ మైకైనా, అరవై వేల ఫోన్ మైకైనా నట్టు చప్పుడు ఒకేలా వింటాయి. అందుకే మా ప్రాక్టికల్ లిస్టులో అందరూ చెయ్యాల్సినవన్నీ మైకువే పెట్టాను, గైరో కావాల్సినవి డెమో కింద నా ఫోన్తో నేనే చూపిస్తాను. ఐఫోన్ ఉన్నోళ్ళకి లైట్ సెన్సర్ ప్రయోగం రాదు, ఆపిల్ ఆ సెన్సర్‌ని యాప్‌లకి ఇవ్వదు, మా క్లాసులో ఐఫోన్లు ఎలాగూ లేవనుకోండి.

డెమోకి రిమోట్ యాక్సెస్ అని ఒకటి ఉంది, చాలా బాగుంది. ఫోన్ హాట్‌స్పాట్ ఆన్ చేసి ల్యాప్‌టాప్‌ని దానికి కలిపి, యాప్ చూపించిన అడ్రస్ బ్రౌజర్‌లో కొడితే గ్రాఫ్ అక్కడ నడుస్తుంటుంది, డేటా ఆన్‌లో లేకపోయినా. డేటా ఎక్సెల్ ఫైల్‌గా వాట్సాప్‌లో పిల్లలకి పంపొచ్చు. నేను మాత్రం గ్రాఫ్ షీటు మీద పెన్సిల్‌తోనే గీయమంటాను, కొంచెం తిట్టుకుంటారు.

యాక్సిలరోమీటర్ తీసిపారేయక్కర్లేదు, అది అందరికీ ఉంటుంది. గుణుపూర్ వైపు నుంచి ట్రైన్లో వచ్చే పిల్లలు ఫోన్ని బండి నేల మీద పెట్టి కాశీనగర్ నుంచి కదిలినప్పటి గ్రాఫ్ పట్టుకొచ్చారు. పట్టాల అదురుకి అంతా గడ్డి మొలిచినట్టు ఉంది, సగటు తీస్తే గానీ బండి త్వరణం కనపడలేదు. ఆ త్వరణం నుంచి వేగం కడితే ఏమయ్యిందంటే, బండి స్టేషన్లో ఆగిపోయాక కూడా లెక్కలో ఇంకా పరిగెడుతోంది! సెన్సర్ త్వరణాన్ని 0.05 మీ/సె² మాత్రమే ఎక్కువ చూపించినా నిమిషం అయ్యేసరికి సెకనుకి 3 మీటర్లు, అంటే గంటకి దాదాపు 11 కిలోమీటర్లు తప్పు పోగవుతాది. ఇలా త్వరణాన్ని కూడుకుంటూ వేగం కట్టే ఇంటిగ్రేషన్లో చిన్న తప్పు ఎలా పోగవుతుందో బోర్డు మీద ఎంత చెప్పినా ఎక్కలేదు, ఈ ఆగని బండితో ఎక్కింది. ఒకరి ఫోన్లో గాలి పీడనం కొలిచే బారోమీటర్ ఉంటే మహేంద్రగిరి పిక్నిక్‌కి పట్టుకెళ్ళాం. కొండ 1,501 మీటర్లు, ఊళ్ళో పీడనం వెయ్యి హెక్టోపాస్కల్ దరిదాపు ఉన్నది పైకెళ్ళేసరికి 850కి వచ్చేసింది, వ్యాన్ మలుపు మలుపుకీ రీడింగ్ దిగుతుంటే డ్రైవర్ గారు కూడా ఆపి చూశారు.

నచ్చనివి చెప్పాలంటే, చప్పుడు తగిలి తిరిగొచ్చే టైముతో దూరం కొలిచే సోనార్ అనే ప్రయోగం మీద టైమ్ పెట్టకండి, గదిలో ప్రతిధ్వనులకి రీడింగ్ నిలవదు. స్క్రీన్ మీద దశాంశం తర్వాత బోలెడు అంకెలు కనపడతాయి, పిల్లలు రికార్డులో అన్నీ దించేస్తారు, అది మాన్పించడానికి నాకు మొదటి నెల పట్టేస్తాది ప్రతి బ్యాచ్‌కీ. రికార్డు పద్ధతి కూడా పాతదే, అపారటస్ అన్న చోట మొబైల్ ఫోన్ అని రాస్తే ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చినాయన పెన్ను ఆపి "ఫోన్‌కి లీస్ట్ కౌంట్ ఎంతమ్మా?" అని, అంటే అది కొలవగలిగే అతి చిన్న కొలత ఎంతని, అడిగారు. ఆ పిల్ల తడుముకోకుండా "మైకుకైతే సెకన్లో 48 వేలో వంతు సార్, కానీ నట్టు చప్పుడు అంత పదునుగా మొదలవదు, అందుకే మిల్లీసెకన్ దాకానే రాశాను" అంది. మార్కులు ఎన్నేశారో తెలీదు గానీ యాప్ పేరు మాత్రం జేబులో కాగితం మీద రాసుకుని వెళ్ళారు.