డ్వాక్రా లోనా, చీటీనా?
మా అమ్మకి రెండూ ఉన్నాయి కాబట్టి దగ్గరుండి చూశా. చీటీలో సుఖం ఏంటంటే అర్జంటుగా డబ్బు కావాలంటే పాడుకోవచ్చు, మీటింగులు సంతకాలు ఏం ఉండవు. కానీ లెక్కేస్తే కళ్ళు తిరుగుతాయి, 20 మంది, నెలకి 5 వేలు, లక్ష చీటీ, చెల్లి ఫీజు కోసమని అమ్మ మూడో నెలలోనే 25 వేలు వదులుకుని పాడేసింది, చేతికొచ్చింది 75 వేలు, కట్టడం మాత్రం చివరి నెల దాకా. పైగా పక్కవీధి ఆవిడ వేసే చీటీకి రిజిస్ట్రేషన్ ఉండదు కదా, రాత్రికి రాత్రి తాళం వేసుకుపోతే ఎవర్ని అడుగుతాం? 1982 చిట్ ఫండ్ చట్టం కింద రిజిస్టరైన చీటీ అయితే నిర్వాహకులు ముందే సెక్యూరిటీ కట్టాలి, కాస్త నయం.

డ్వాక్రాలో వడ్డీ తక్కువ, తాకట్టు అక్కర్లేదు, గ్రూపు పూచీ చాలు. ఆ పూచీయే తలనొప్పి కూడా, ఒకావిడ కంతు ఎగ్గొడితే మిగతావాళ్ళంతా ఆవిడ గుమ్మం ముందు కూర్చోవాలి. లోన్ మనకి కావాల్సిన టైముకి రాదు, వచ్చినా చాలా ఇళ్ళల్లో మొగుడి చేతికే పోతుంది (అది వేరే గొడవ లెండి).

నన్నడిగితే గేదెకో కుట్టుమిషన్‌కో అయితే డ్వాక్రానే. చీటీ వేస్తే రిజిస్టరైందే వేయండి, అదీ ఆఖర్లో పాడుకునే ఓపిక ఉంటేనే.