వైజాగ్ కేజీహెచ్ (కింగ్ జార్జ్ హాస్పిటల్) దగ్గర సర్జికల్ షాపులో కొన్న ముక్కు, జనరల్, ఆర్థో ఇన్‌స్ట్రుమెంట్లు: బాగా వాడాక రాస్తున్న రివ్యూ

మాది వైజాగ్‌లో చిన్న నర్సింగ్ హోమ్ అండి, నేను ఓటీ (ఆపరేషన్ థియేటర్) ఇన్‌చార్జ్ సిస్టర్‌ని, ఇన్‌స్ట్రుమెంట్ల లెక్క, కడగడం, ఆటోక్లేవ్ (ఆవిరితో క్రిములు చంపడం), కొత్తవి కొనడం అన్నీ నేనే చూస్కోవాలి. ఈఎన్‌టీ డాక్టర్ గారు కొత్తగా మా దగ్గర దూలం (ముక్కు మధ్య గోడ) ఆపరేషన్లు మొదలెట్టారు, జనరల్ సెట్ పాతబడిపోయింది, ఆర్థో సార్ వచ్చినప్పుడల్లా నిబ్లర్ (ఎముకని కొరికి తీసేది) కొరకట్లేదు అంటున్నారు, అందుకని మూడూ ఒకేసారి కొన్నాం. ముందు తీర్పు చెప్పేస్తా, టైమ్ లేనివాళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు: జనరల్ సెట్ చాలా బావుంది, ముక్కు సెట్‌లో ఒక పీస్ మార్పించుకున్నాం మిగతావి మంచివే, ఆర్థోలో నిబ్లర్ అదిరిపోయింది కానీ ఆస్టియోటోమ్‌లు (ఎముక కోసే ఉలులు) మాత్రం నాకు నచ్చలేదు. షాపుకి మాత్రం ఐదుకి ఐదు స్టార్లు, ఎందుకంటే కొనే ముందు ప్రతి పీసూ చేతిలో పెట్టి టెస్ట్ చేస్కోనిచ్చారు. ఈ వస్తువుల్లో అంతకన్నా ముఖ్యమైంది ఇంకోటి లేదు.

కేజీహెచ్ 1923 నుంచి ఉంది కదా, ఆ చుట్టుపక్కల మహారాణిపేట నుంచి జగదాంబ వైపు వచ్చే రోడ్లలో మందుల షాపులు, సర్జికల్ షాపులు ఎప్పట్నుంచో ఉన్నాయి. వాటిల్లో ఒక సందులో ఉన్న చిన్న షాపు ఇది, బయట వీల్‌చైర్లు వాకర్లు పెట్టి ఉంటాయి, లోపల గాజు బీరువాల్లో ఇన్‌స్ట్రుమెంట్లు. ఓనర్ పెద్దాయన, అందరం బాబాయ్ గారు అనే పిలుస్తాం. ఫలానా సెట్ కావాలంటే ప్యాక్ చేసిన డబ్బా తీసి ఇచ్చేయరు. "ఏటి సిస్టరు గారూ, లైటుకి పెట్టి చూస్కోండి, మళ్ళీ డాక్టరు గారు మిమ్మల్నే అంటారు" అని టేబుల్ లైట్ వేసి, గాజ్ (కట్టు గుడ్డ) ముక్కలు, పాత సూచర్ నీడిల్స్ (కుట్లు వేసే సూదులు) ముందు పెడతారు. అంతకుముందు మేనేజ్‌మెంట్ వాళ్ళు ఆన్‌లైన్‌లో ఎక్కడో తెప్పించిన సెట్ ఒకటి ఉంది మా దగ్గర, ఫోటోలో మెరిసిపోతూ ఉంది, తీరా వచ్చాక ఆర్టరీ ఫోర్సెప్స్ (రక్తనాళం పట్టుకునే పట్టకారు) మూస్తే ఒక కొన ముందుకి ఇంకో కొన వెనక్కి, బాక్స్ లాక్ (మధ్యలో ఉండే జాయింట్) ఎంత బిగుతంటే ఒక చేత్తో తెరవలేం. వాటిని డ్రెస్సింగ్ రూమ్‌కి పంపేశాం.

టెస్టులు ఏంటో రాస్తా, కొత్తగా ఓటీలో చేరిన పిల్లలకి పనికొస్తాయి. ఆర్టరీ ఫోర్సెప్స్‌ని మూసి లైటుకి ఎదురుగా పెడితే రెండు దవడల మధ్య వెలుతురు రాకూడదు, కొనలు రెండూ సరిగ్గా కలవాలి. తర్వాత పిడుల దగ్గరుండే రాచెట్ (లాక్ పళ్ళు) మొదటి పన్ను మీద లాక్ చేసి, బాక్స్ లాక్ దగ్గర పట్టుకుని ఆ పళ్ళ భాగాన్ని గట్టి వస్తువు మీద మెల్లగా కొట్టాలి, దానంతటది ఊడి తెరుచుకుందంటే ఆ రాచెట్ పనికిరాదు, రక్తనాళం పట్టుకున్నాక అలా జారితే ఏమవుతుందో మనకి తెలుసు కదా. నీడిల్ హోల్డర్‌లో నీడిల్ పెట్టి రెండో పన్ను దాకా బిగించి వేళ్ళతో తిప్పి చూడాలి, తిరిగిందంటే దవడలు పట్టట్లేదు. కత్తెరకి నాలుగు పొరల గాజ్ ఇచ్చి కొన దగ్గరే కోయించాలి, మధ్యలో అన్నీ తెగుతాయి, కొనలో పోగులు నమిలినట్టు అయితే వద్దు. ఇవన్నీ చెయ్యడానికి గంటలు పట్టదు, కానీ చాలామంది షాపువాళ్ళు ప్యాకెట్ విప్పితే వెనక్కి తీస్కోం అంటారు, అక్కడే తేడా.

ఇప్పుడు ముక్కు సెట్. నేను ఎక్కువ భయపడింది దీనికే, ఎందుకంటే ముక్కు లోపల చోటు ఉండదు, వెలుతురు తక్కువ, చిన్న తేడా ఉన్నా డాక్టర్ గారికి వెంటనే తెలిసిపోతుంది. థుడికమ్స్ స్పెక్యులమ్ (ముక్కు రంధ్రం తెరిచి చూసేది) సైజుల సెట్ తీస్కున్నాం. దాన్ని చూపుడువేలికి తగిలించి మధ్యవేలు ఉంగరంవేలుతో నొక్కితే బ్లేడ్లు దగ్గరికొస్తాయి, వదిలితే విచ్చుకుంటాయి, అంటే ముక్కుని తెరిచి ఉంచేది ఆ స్ప్రింగే. స్ప్రింగ్ మరీ గట్టిగా ఉంటే ఓపీలో మెలకువగా ఉన్న పేషెంట్ నొప్పికి తల వెనక్కి లాగేస్తాడు, మరీ మెత్తగా ఉంటే ఏమీ కనపడదు. ఇవి చాలా బావున్నాయి, బ్లేడ్ అంచులు నున్నగా గుండ్రంగా ఉన్నాయి. ఆపరేషన్‌కి వాడే పొడుగు బ్లేడ్ల కిలియన్ స్పెక్యులమ్ కూడా ఓకే, స్క్రూ తిప్పితే ఎక్కడ ఆపితే అక్కడే నిలబడుతోంది.

మార్పించుకున్నది ఫ్రీర్ ఎలివేటర్. దానికి ఒక చివర పదును, ఒక చివర మొద్దు, దూలం మృదులాస్థికీ ఎముకకీ అంటుకుని ఉన్న పొరని మెల్లగా లేపడానికి వాడతారు. మొద్దు చివర అంచు మీద దూది లాగి చూశా, ఒకచోట పోగు పట్టుకుంది, అంటే అక్కడ కంటికి కనపడని గరుకు ఉన్నట్టే. ఆ గరుకుతో పొర చిరిగి, రెండోవైపు కూడా సరిగ్గా ఎదురుగా చిరిగితే దూలానికి రంధ్రం పడిపోవచ్చు, పేషెంట్‌కి ముక్కులో పొక్కులు, రక్తం. బాబాయ్ గారికి చూపిస్తే ఒక్క మాట మాట్లాడకుండా ఇంకో మూడు తీసి టేబుల్ మీద పెట్టి మీకు నచ్చింది తీస్కోండి అన్నారు. ముక్కు లోపల ముక్కలు పట్టి తీసే లూక్స్ ఫోర్సెప్స్, బ్లేక్స్‌లీ స్ట్రెయిట్‌ది, పైకి వంగినది కూడా తీస్కున్నాం, జాయింట్లు వదులు లేవు, దవడ మూసినప్పుడు చుట్టూ అంచు కలుస్తోంది. సన్న సక్షన్ ట్యూబులతో పాటు లోపల పెట్టే వైర్ కూడా ఇచ్చారు, అది తప్పకుండా అడిగి తీస్కోండి, రక్తం గడ్డకట్టి లోపల ఎండిపోతే తర్వాత ఎన్నిసార్లు ఆటోక్లేవ్ చేసినా అది శుభ్రం అయినట్టు కాదు. ముక్కు ఎముక విరిగిన కేసులకి వాల్షామ్ జత, దూలం నిలబెట్టడానికి ఆష్ ఫోర్సెప్స్ కూడా తెచ్చాం. వాల్షామ్ బయటి బ్లేడ్‌కి రబ్బరు గొట్టం తొడిగితేనే చర్మం నలగదు, మా జతలో ఒకదానికి రబ్బరు లేదు, అడిగితే ఇచ్చారు.

జనరల్ సెట్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మస్కిటోలు (చిన్న ఆర్టరీ ఫోర్సెప్స్), స్పెన్సర్ వెల్స్, ఆలిస్, బాబ్‌కాక్, కోకర్ లాంటి పట్టకార్లు, స్పాంజ్ హోల్డర్, టవల్ క్లిప్స్, బీపీ హ్యాండిల్ (సర్జికల్ బ్లేడ్ ఎక్కించే పిడి) 3, 4, రిట్రాక్టర్లు (కోత అంచుల్ని పక్కకి లాగి పట్టేవి) అన్నీ సరిగ్గా ఉన్నాయి. 3కి 10, 11, 15 బ్లేడ్లు, 4కి 20 పైన బ్లేడ్లు ఎక్కించి చూశా, వదులు లేదు. నీడిల్ హోల్డర్లు మాత్రం బంగారు రంగు రింగులవి, అంటే దవడల్లో టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కలు అతికించినవి తీస్కున్నాం, మామూలువాటికన్నా రేటు బాగా ఎక్కువ, కానీ నీడిల్ కదలదు. ఒకటి గుర్తుంచుకోండి, రింగు బంగారు రంగు వేసినంత మాత్రాన లోపల కార్బైడ్ ఉందని కాదు, దవడ లోపలి ముక్క అతుకు విడిగా కనపడాలి. మెట్జెన్‌బామ్ కత్తెర (మెత్తటి కణజాలం కోసేది) కూడా చాలా పదునుగా ఉంది, దయచేసి దాంతో సూచర్లు కత్తిరించకండి, దానికి మేయో స్ట్రెయిట్ ఉంది, మా ఓటీలో నేను ఈ విషయంలో ఎవర్నీ వదలను.

ఆర్థోకి ప్లేట్లు స్క్రూలు, వాటి సెట్లు కేసుకి కంపెనీ అబ్బాయే తెస్తాడు, మేం కొన్నది చేతి సామాను మాత్రమే: పెరియాస్టియల్ ఎలివేటర్ (ఎముక మీది పొర లేపేది), బోన్ లివర్లు, హోమన్ రిట్రాక్టర్లు, లేన్స్ బోన్ హోల్డింగ్ ఫోర్సెప్స్, క్యూరెట్లు (గీకే చెంచాలు), బోన్ కట్టర్, డబుల్ యాక్షన్ నిబ్లర్, ఆస్టియోటోమ్‌లు, మ్యాలెట్ (సుత్తి). నిబ్లర్ గురించి ఆర్థో సార్ ఇప్పటికీ మెచ్చుకుంటున్నారు. డబుల్ యాక్షన్ అంటే రెండు చోట్ల జాయింట్ ఉంటుంది, చేతి ఒత్తిడి పెరిగి దవడ దగ్గర చేరుతుంది, సింగిల్ జాయింట్ దానితో చెయ్యి నొప్పెట్టే ఎముక దీంతో సులువుగా కొరుకుతుంది. షాపులో సన్న అట్టముక్క పెట్టి కొరికించా, గుండ్రంగా శుభ్రంగా ఊడి వచ్చింది, అంచు పీచుపీచుగా ఉంటే వద్దనేదాన్ని.

ఆస్టియోటోమ్‌ల దగ్గరకొస్తే, రెండువైపులా ఏటవాలు ఉంటే ఆస్టియోటోమ్, ఒకవైపే ఉంటే చిజిల్, ఆ మేరకు సరైనవే ఇచ్చారు, పదును కూడా బానే ఉంది. కానీ మ్యాలెట్ దెబ్బలు తినే తల భాగం తొందరగా చదునై అంచులు పువ్వు విచ్చినట్టు బయటికి వచ్చేస్తున్నాయి. ఆ అంచు గ్లౌజ్ చింపుతుంది, చిన్న లోహపు రేకు ఊడి గాయంలో పడే ప్రమాదం కూడా ఉంది. సాన పట్టించి గుండ్రం చేయించి వాడుతున్నాం, షాపువాళ్ళే పంపి చేయించారు డబ్బులు తీస్కోలేదు, అయినా ఇవి మళ్ళీ కొనను, ఇంకో కంపెనీవి అడిగా.

స్టీల్ గురించి ఒక సందేహం చాలామందికి ఉంటుంది, అయస్కాంతం అంటుకుంటే అది స్టెయిన్‌లెస్ కాదు అని. అది తప్పు అండి. కత్తెర్లు, నీడిల్ హోల్డర్లు, ఫోర్సెప్స్ ఎక్కువగా 420 రకం స్టీల్‌తో చేస్తారు, దాన్ని వేడిచేసి గట్టిపరచొచ్చు, అందుకే పదును నిలుస్తుంది, దానికి అయస్కాంతం అంటుకుంటుంది. సక్షన్ ట్యూబులు, కొన్ని రిట్రాక్టర్లు 304 లాంటి రకం, తుప్పుకి బాగా తట్టుకుంటుంది కానీ పదును నిలవదు, దానికి అయస్కాంతం సరిగా అంటదు. కాబట్టి కత్తెరకి అంటుకోకపోతేనే అనుమానపడాలి. ఇంకోటి, "జర్మన్ స్టెయిన్‌లెస్" అని చెక్కి ఉంటే జర్మనీలో చేసినట్టు కాదు. జర్మనీలో టుట్లింగెన్ అని ఒక ఊరే ఈ పనికి పేరు, పాకిస్తాన్‌లో సియాల్‌కోట్ కూడా అంతే, స్టీల్ ఒకచోటది తయారీ ఇంకోచోటది ఉండొచ్చు. తయారైన దేశం, కంపెనీ పేరు, లాట్ నంబర్ చూడండి. మావి ఇండియాలో చేసినవే.

ఇక అసలు వైజాగ్ వాళ్ళు చదవాల్సింది ఇది. ఎంత మంచి స్టీల్ కొన్నా మన ఉప్పుగాలి, బోరు నీళ్ళు దాన్ని తినేస్తాయి. క్లోరైడే దీనికి శత్రువు, స్టీల్ మీద ఉండే క్రోమియం ఆక్సైడ్ పొరని అక్కడక్కడ కొరికి గుంటలు పెడుతుంది. అందుకే కేసు మధ్యలో ఇన్‌స్ట్రుమెంట్లని సెలైన్ (ఉప్పునీళ్ళ) గిన్నెలో పడేసే అలవాటు మానెయ్యాలి, స్టెరైల్ వాటర్ గుడ్డతో తుడవాలి. హైపోక్లోరైట్ (బ్లీచ్)లో నానబెట్టడం ఇంకా ఘోరం. కేసు అవ్వగానే ఎంజైమ్ సొల్యూషన్, బ్రష్‌తో బాక్స్ లాక్ లోపల కూడా, చివరగా ఆర్వో నీళ్ళు, తర్వాత పూర్తిగా ఆరబెట్టాలి. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీలు పెట్టినా 134 పెట్టినా ఫోర్సెప్స్ తెరిచే ఉంచాలి, గట్టిగా లాక్ చేసి పెడితే ఆవిరి లోపలికి పోదు, పైగా వేడికి బాక్స్ లాక్ పగుళ్ళు వస్తాయి. జాయింట్‌కి మిషన్ ఆయిల్ వద్దు, నీళ్ళలో కరిగే ఇన్‌స్ట్రుమెంట్ మిల్క్ వాడండి. పాత క్రోమ్ పూత ఊడిన సామాను వీటితో కలిపి ట్రేలో పెట్టొద్దు, ఆ తుప్పు వీటికి అంటుకుంటుంది. గోధుమరంగు మచ్చ వస్తే పెన్సిల్ రబ్బరుతో రుద్ది చూడండి, పోయి కింద నున్నగా ఉంటే అది మరకే, గుంట కనపడితే తుప్పు, ఆ పీస్ వెంటనే పక్కన పెట్టండి. ఇవన్నీ పాటించినందుకే మా సెట్ వర్షాకాలం దాటినా శుభ్రంగా ఉంది.

పెదగంట్యాడ దగ్గర వైద్య పరికరాలు తయారుచేసే మన మెడ్‌టెక్ జోన్ 2018లో మొదలైంది, కరోనా టైమ్‌లో వెంటిలేటర్లు, టెస్ట్ కిట్లు అక్కడ తయారయ్యాయి. అక్కడే ఇలాంటి చేతి ఇన్‌స్ట్రుమెంట్లకి సాన పట్టి, జాయింట్లు సరిచేసే రిపేర్ సెంటర్ మాలాంటి చిన్న ఆస్పత్రులకి అందుబాటులోకి వస్తే ఎంత బావుంటుందో అని నాకు గట్టిగా ఉంది.

రేట్ల విషయం, ఆన్‌లైన్‌కన్నా కొంచెం ఎక్కువే, బేరం పెద్దగా ఉండదు. 2025 సెప్టెంబర్ 22 నుంచి వీటి మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బిల్లులో 5 వేశారో లేదో చూస్కోండి. పక్కా బిల్లు, లాట్ నంబర్లు రాసి ఇచ్చారు, ఆడిట్‌కి అడుగుతారు కాబట్టి మాకు అది అవసరం. కత్తెర్లు సాన పట్టడానికి ఇస్తే తిరిగి రావడానికి చాలా రోజులు పడుతోంది, అదొక్కటే సర్వీస్‌లో లోటు, అందుకని ప్రతి రకం కత్తెరా ఒకటి అదనంగా కొని పెట్టుకోండి. విజయనగరం, శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్ళు సాయంత్రం కాకుండా పొద్దున్నే వెళ్ళండి, సాయంత్రం కేజీహెచ్ వైపు రద్దీలో షాపు నిండా జనం, కూర్చుని ఒక్కో పీసూ చూస్కోవడానికి కుదరదు.